సినిమా చూపించండి, కానీ పేటలో చూపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం అంటే మన జిల్లా కేంద్రాల్లో ఏటా జరిగేది ఒకటే. ఏసీ హాలు, ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, నలుగురైదుగురు వక్తలు, చివర్లో టైముంటే ఒక డాక్యుమెంటరీ. ఆ డాక్యుమెంటరీ చూసేది బస్సెక్కించి తీసుకొచ్చిన స్కూలు పిల్లలు, డ్యూటీ పడి వచ్చిన ఉద్యోగులు. సముద్రపు తాబేళ్ళ మీద సినిమా వేస్తారు గానీ, వలలో తాబేలు పడితే ఏం చెయ్యాలో ఆ క్షణంలో తేల్చుకోవాల్సిన మనిషి ఒక్కడూ ఆ హాల్లో ఉండడు. పర్యావరణ సినిమాలు దండగ అని నేను అనడం లేదు, ఇప్పటికన్నా చాలా ఎక్కువ చూపించాలి. కాకపోతే వాటితో ఎవరికి పని ఉందో వాళ్ళకి, వాళ్ళ పేటలోనే (అంటే జాలర్లుండే వాడలోనే), వాళ్ళకి తీరిక ఉన్న రోజుల్లో చూపించాలి, సినిమా అవగానే ప్రొజెక్టర్ సర్దుకుని జీపెక్కకుండా ఒక గంట కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలి. అలా చేసిన చోట ఫలితం వచ్చింది, అదీ మన దేశంలోనే.

గుజరాత్‌లో సౌరాష్ట్ర తీరాన వేరావల్ అని పెద్ద చేపల రేవు ఉంది. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు వేల్ షార్క్‌లను వేటాడేవారు. ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది ఈ వేల్ షార్క్, నలభై అడుగులు దాటి కూడా పెరుగుతుంది. పేరుకి సొరే గానీ మనిషి జోలికి రాదు, నోరు తెరుచుకుని ఈదుతూ నీళ్ళలో ఉండే నలుసంత జీవుల్ని వడగట్టుకుని తింటుంది. దాని కాలేయం నుంచి నూనె తీసి, నీరు పట్టకుండా పడవ చెక్కకి పూసేవారు. తర్వాత మాంసానికి విదేశాల్లో గిరాకీ పుట్టడంతో వేట ఇంకా పెరిగింది. మైక్ పాండే అనే డాక్యుమెంటరీ దర్శకుడు ఆ వేటనంతా కెమెరాకెక్కించి 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే సినిమా తీశారు. దానికి గ్రీన్ ఆస్కార్ అని పిలుచుకునే వైల్డ్‌స్క్రీన్ పాండా అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది, అంటే 2001లో, కేంద్ర ప్రభుత్వం వేల్ షార్క్‌ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. పులికీ ఏనుగుకీ ఉన్న రక్షణ ఒక చేపకి రావడం అదే మొదలు.

సినిమా గొప్పదనం గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఢిల్లీలో చట్టం వచ్చినంత మాత్రాన వేరావల్లో పడవ నడిపేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసినా, వేలకు వేలు పోసి కొన్న వల్లో అంత చేప చిక్కితే వల కోసి వదిలెయ్యమంటే ఎవరు వదులుతారు? అందుకే 2004 నుంచి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి ఊరూరా తిరిగారు. రామకథ చెప్పే మొరారీ బాపూని ముందు పెట్టుకున్నారు. అక్కడి జనానికి ఆయన మాట అంటే ఎంత గురో చెప్పక్కర్లేదు. ఈ చేప పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లాంటిది, దాన్ని చంపుతామా అని ఆయన అడిగారు. గాలి ఊదిన నిలువెత్తు వేల్ షార్క్ బొమ్మను ఊళ్ళలోకి తీసుకెళ్ళారు, వీధి నాటకాలు వేశారు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. వల కోసి చేపను వదిలినవాడికి వల నష్టం ప్రభుత్వం ఇచ్చే ఏర్పాటు చేశారు. తర్వాత కొన్నాళ్ళకి జాలర్ల చేతికే కెమెరాలిచ్చి, వదిలేటప్పుడు మీరే ఫొటో తీసి తెండి, అదే రుజువు అన్నారు. అటవీ శాఖ వాళ్ళు వచ్చేదాకా నడిసముద్రంలో చేపని పట్టుకుని కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. ఒకప్పుడు వేట సాగిన ఆ తీరంలోనే వందల కొద్దీ వేల్ షార్క్‌లను జాలర్లు తమ చేతులతో వదిలారు.

ఇందులో సినిమా వాటా ఎంత అంటే, అది తలుపు తట్టింది. చూడనివాళ్ళకి చూపించింది, చట్టం తెప్పించింది. తలుపు తీసింది మాత్రం ఊరు నమ్మే మనిషి మాట, వల డబ్బులూ. ఈ మూడూ కలిస్తేనే పని అయింది. మనం మాత్రం మొదటిది ఒక్కటి చేసి, జనానికి అవగాహన లేదని జనాన్నే అంటాం.

వేల్ షార్క్ గుజరాత్ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 2021 డిసెంబరులో మా అనకాపల్లి జిల్లా తంతడి బీచ్ దగ్గర భారీ వేల్ షార్క్ వలలో చిక్కి ఒడ్డుకొచ్చింది. యాభై అడుగులుందని అప్పుడు పత్రికలు రాశాయి. అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారులు, డైవర్లు కలిసి నానా తంటాలూ పడి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. నా దృష్టిలో మన తీరానికి అంతకన్నా మంచి పర్యావరణ సినిమా లేదు. అందులో ఉన్న మనుషులు మనవాళ్ళు, ఒడ్డు మనది, అరుపులు కూడా మన యాసలోనే ఉంటాయి. దాన్ని శుభ్రంగా ఎడిట్ చేసి, వదిలినవాళ్ళ చేత నాలుగు మాటలు చెప్పించి, శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా దాకా ప్రతి పేటలో చూపిస్తే ఎంత బాగుంటుంది!

నేను తీరం దగ్గర ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. మా దగ్గరి పేటలో ఒకసారి ఒక ఆఫీసు వాళ్ళు సినిమా చూపిస్తామని వచ్చారు. రామకోవెల గోడకి తెల్లటి పంచె కట్టి వేశారు. వేసింది విదేశాల్లో తీసిన సముద్రం సినిమా, వ్యాఖ్యానం ఇంగ్లీషులో. బొమ్మ అద్భుతం, పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. పెద్దవాళ్ళు మాత్రం ఒకరి వెనక ఒకరు లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఆ పేట కుర్రాడొకడు తన ఫోన్లో ఉన్న వీడియో వెయ్యమని అడిగాడు. వలకి చుట్టుకున్న తాబేలుని వాళ్ళ మామయ్య కత్తితో తాళ్ళు కోసి నీళ్ళలోకి తోసే వీడియో, మహా అయితే రెండు నిమిషాలు, ఫోను కూడా ఊగిపోతోంది. వెళ్ళిపోయినవాళ్ళు వెనక్కొచ్చారు. అది ఎవరి బోటు, ఎన్ని బారల లోతులో, ఏ వల అని ఒకటే మాటలు. చివర కూర్చున్న ఒక ముసలమ్మ, "మరి వల డబ్బులెవులిస్తారు?" అని గట్టిగా అడిగింది. ప్రొజెక్టర్ తెచ్చిన ఉద్యోగి, అది మా సబ్జెక్టు కాదమ్మా అన్నాడు. అక్కడితో ఆ సాయంత్రం అయిపోయింది. ఆ అమ్మ అడిగిన ప్రశ్న దగ్గరే గుజరాత్‌లో పని మొదలైంది, మన దగ్గర అక్కడే ఆగిపోయింది.

సినిమా ఎంచుకోవడంలో కూడా కాస్త ఆలోచన ఉండాలి. తమిళనాడులోని ముదుమలై ఏనుగుల సంరక్షకుల మీద తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కి 2023లో ఆస్కార్ వచ్చింది, మనమంతా సంతోషించాం, చాలా మంచి సినిమా. దాన్నే తీసుకెళ్ళి పార్వతీపురం మన్యం జిల్లాలో, ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు వరీ అరటీ తొక్కేసిన ఊళ్ళో, మనిషి ప్రాణం కూడా పోయిన ఊళ్ళో వేశారనుకోండి, ఆ రైతుకి ఎలా ఉంటుంది? ఏనుగు మీద ప్రేమ పుట్టించే సినిమా అతనికి ముందు అక్కర్లేదు. ఏనుగులు ఏ దారిన వస్తాయి, రాత్రి పూట ఎదురుపడితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, నష్టపరిహారానికి కాగితాలు ఎవరికివ్వాలి, ఇవి చూపించే సినిమా కావాలి. ప్రేమ సంగతి తర్వాత చూసుకోవచ్చు. పట్నంలో కూర్చుని సినిమాలు ఎంపిక చేసేవాళ్ళకి ఈ తేడా తట్టడం లేదని నాకు కోపం.

తాబేళ్ళ దగ్గరికే వస్తాను, ఎందుకంటే మా తీరంలో జనవరి నుంచి మార్చి దాకా రోజూ కళ్ళబడే బాధ అది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం, అదే కాలంలో చచ్చిన తాబేళ్ళు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు చేప కాదు, గాలి పీల్చుకోవడానికి మధ్యమధ్య పైకి రావాలి. ట్రాల్ వల గంటల తరబడి నీళ్ళలో లాగుతారు కాబట్టి అందులో పడ్డ తాబేలు ఊపిరాడక పోతుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. టెడ్ అంటారు, వలలో అమర్చే ఇనుప చట్రం. కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ మన వలలకి సరిపడేలా దాన్ని తయారు చేసింది, ఆ సంస్థకి విశాఖలోనూ కేంద్రం ఉంది. చట్రం కడ్డీల సందుల్లోంచి రొయ్యలూ చిన్న చేపలూ లోపలికి పోతాయి, తాబేలు కడ్డీలకి తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. టెడ్ వాడటం లేదనే కారణంతో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం కొన్నేళ్ళ క్రితమే ఆపేసింది, అంటే ఇది తాబేలు ప్రాణంతో పాటు మన జేబు సంగతి కూడా. అయినా బోటు వాళ్ళు చెప్పేది ఒకటే, ఆ కంతలోంచి సరుకంతా పోతుందండీ అని. పోతుందో పోదో, పోతే ఎంత పోతుందో నీళ్ళ పైనుంచి ఎవరికీ కనిపించదు, అధికారి చెప్పినా నమ్మకం కుదరదు. సినిమా పనికొచ్చేది సరిగ్గా ఇక్కడ. లాగుతున్న వల లోపల కెమెరా పెట్టి, తాబేలు బయటికి పోవడం, రొయ్య లోపలే ఉండటం, ఒకవేళ కొన్ని చేపలు పోతే అవి పోవడం కూడా ఏదీ దాచకుండా చూపించండి. వంద ఉపన్యాసాలు చెయ్యలేని పని అది చేస్తుంది.

ఇంకో చిన్న విషయం, ఇది బోటు మీద పని చేసే కళాసీలకి తెలిస్తే చాలు. వల్లో పడి కదలకుండా ఉన్న తాబేలు అన్నిసార్లూ చచ్చిపోయినట్టు కాదు. దాన్ని వెంటనే సముద్రంలోకి విసిరేస్తే మునిగి పోతుంది. వెల్లకిలా వెయ్యకుండా, పొట్ట కిందికి ఉండేలా బోటు మీద పడుకోబెట్టి, వెనక భాగం కాస్త ఎత్తులో పెట్టి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కారిపోయి కొన్ని గంటల్లో కోలుకోవచ్చు. కోలుకున్నాక ఇంజన్ ఆపి మెల్లగా నీళ్ళలోకి వదలాలి. ఇది చూపించడానికి ఐదు నిమిషాల సినిమా సరిపోతుంది, అదీ బోటు నడిపే ఏ సరంగో తన బోటు మీద చేసి చూపిస్తే. చూసినవాడు వచ్చే సీజన్లో చెయ్యగలిగిన పని అందులో ఉంది. అయ్యో పాపం అనిపించి ఊరుకునే సినిమాలు మనకి చాలానే ఉన్నాయి.

ఆ ఐదు నిమిషాల సినిమా ఎవరు తియ్యాలి అంటే, పేట వాళ్ళే తియ్యాలంటాను. తియ్యగలరా అని అనుమానం ఉన్నవాళ్ళు ఒకసారి తెలంగాణలోని జహీరాబాద్ వైపు చూడండి. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు, చాలామంది చదువు రానివాళ్ళే, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2002లో దేశంలో బీటీ పత్తికి మొదటిసారి అనుమతి వచ్చినప్పుడు వరంగల్ రైతుల పొలాల వెంట పంట కాలమంతా తిరిగి ఏం జరిగిందో తీశారు. కెమెరాని ఎదుటి మనిషి కంటికి సమానమైన ఎత్తులో పెట్టి తీస్తే దాన్ని వాళ్ళు 'సంఘం షాట్' అంటారు. సంఘంలో అందరూ ఒకే మట్టంలో కూర్చుంటారు కదా, అలా. కూలి పనికి పోయి నిలబడి మాట్లాడే అలవాటున్న ఆడవాళ్ళకి ఆ షాట్ విలువ ఏ ఫిల్మ్ స్కూలూ నేర్పక్కర్లేదు. అదే సంస్థ ఏటా పాత పంటల జాతర చేస్తుంది, ఎడ్ల బండ్ల మీద కొర్రలూ జొన్నలూ సజ్జలూ పేర్చుకుని ఊరూరా తిరుగుతారు, ప్రతి ఊళ్ళో కూర్చుని మాట్లాడతారు.

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పనిలో కూడా ఈ పద్ధతి ఉంది. గుప్పెట్లో పట్టే పికో ప్రొజెక్టర్ తీసుకుని డ్వాక్రా అక్కచెల్లెళ్ళ మీటింగులో, ఒక రైతు తన పొలంలో చేసిన పనిని వీడియోలో చూపిస్తారు, మధ్యలో ఆపుతారు, అడుగుతారు, మళ్ళీ వేస్తారు. జీవామృతం ఎలా కలపాలో పక్క ఊరి రైతు కలిపి చూపిస్తే నమ్మకం వస్తుంది. పొలానికి ఇన్నేళ్ళుగా చేస్తున్న పని సముద్రానికి ఎందుకు చెయ్యం? ప్రొజెక్టర్లున్నాయి, గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులున్నారు, ప్రతి పేటలో నాలుగైదు మంచి ఫోన్లున్న కుర్రాళ్ళున్నారు.

థియేటర్లలో సినిమాకి ముందు పర్యావరణం మీద రీలు తప్పనిసరి చెయ్యాలని కొందరు మిత్రులు అంటుంటారు. నాకు పెద్దగా ఆశ లేదు. సిగరెట్ మానమని చెప్పే రీలు ఏళ్ళ తరబడి వేస్తున్నారు, అది వస్తున్నంత సేపూ జనం పాప్‌కార్న్ కొనుక్కోవడానికి వెళ్తారు. బలవంతంగా చూపించింది ఎవరికీ ఎక్కదు.

ఎప్పుడు చూపించాలో కూడా చెప్తాను, ఇది చాలా ముఖ్యం. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు పేటలోనే ఉంటారు, వలలు బాగు చేసుకుంటూ సాయంత్రాలు ఖాళీగా కూర్చుంటారు. ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను దొరకదు. జూన్ 5 కూడా ఆ రెండు నెలల్లోనే వస్తుంది! అయినా ఆ రోజు కార్యక్రమం జిల్లా కేంద్రంలోనే పెడతారు, పేటకి ఎవరూ రారు. వేసవి సెలవులు కాబట్టి మాలాంటి టీచర్లకీ తీరికే, పిలిస్తే వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఒక జాగ్రత్త. బీచ్ మీద స్క్రీన్ కట్టొద్దు, చూడటానికి బాగుంటుంది గానీ వద్దు. మార్చి నుంచి మే దాకా తాబేలు పిల్లలు గుడ్లు పగిలి ఇసకలోంచి బయటికొస్తాయి, రాత్రి పూట వెలుతురు ఎటుంటే అటు పోతాయి. మామూలుగా సముద్రం మీది వెలుగు చూసుకుని నీళ్ళలోకి పోవాల్సినవి, మన లైట్లు చూసి ఊరి వైపు పాకి కుక్కలపాలవుతాయి. తాబేళ్ళ సినిమా వేసి తాబేలు పిల్లల్ని చంపినట్టు అవుతుంది. పేట లోపల, రామకోవెల దగ్గరో స్కూలు ఆవరణలోనో, సముద్రానికి వెలుగు కనిపించకుండా పెట్టుకోవాలి. కరెంటు పోతే ప్రొజెక్టర్ ఆగకుండా బ్యాటరీ, సముద్రపు గాలి హోరులో మాట వినబడేంత స్పీకరు చూసుకుంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. వ్యాఖ్యానం మాత్రం పుస్తకాల తెలుగులో వద్దండీ, టీవీల్లో జంతువుల సినిమాలకి చెప్పే ఆ తెలుగు మా పేటలో ఎవరూ మాట్లాడరు. పేట మనిషి చేతే చెప్పించండి.

సినిమా వేసిన రోజు మత్స్య శాఖ నుంచి ఒకరు, అటవీ శాఖ నుంచి ఒకరు తప్పనిసరిగా అక్కడ ఉండాలి, అది మా సబ్జెక్టు కాదు అనే మాట ఎవరూ అనకూడదు. వల నష్టం గురించి అడుగుతారు, నూటికి నూరుపాళ్ళూ అడుగుతారు. ఎంత ఇస్తారు, ఎన్నాళ్ళలో ఇస్తారు, ఫోన్లో తీసిన వీడియో రుజువుగా చెల్లుతుందా, ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసుకుని రావాలి. జవాబు ఇంకా లేకపోతే ముందు అది తేల్చుకోండి, సినిమా సంగతి తర్వాత.

మీ పత్రికకి కూడా ఒక మనవి. మీ విలేకరులు ప్రతి తీర మండలంలో ఉన్నారు. వల కోసి తాబేలుని వదిలిన, వేల్ షార్క్‌ని వదిలిన మత్స్యకారుల వార్త ఎప్పుడో ఒకసారి జిల్లా పేజీలో చిన్నగా వస్తుంది. వాళ్ళ ఫొటో పెద్దగా వెయ్యండి, వాళ్ళకి వల డబ్బులు అందాయా లేదా అని నెల తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగి రాయండి. వచ్చే ఏప్రిల్ 15 లోగా తీరంలోని ఒక్కో మండలంలో కనీసం ఒక పేటని ఎంచుకుని ఇది మొదలుపెట్టమని మత్స్య, అటవీ శాఖల వాళ్ళని మీరు అడిగితే వినే అవకాశం ఉంది. మా వైపు మొదలుపెడితే స్పీకరు, తెర, కుర్రాళ్ళని పోగు చెయ్యడం మా స్కూలు టీచర్లం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు,
అనకాపల్లి జిల్లా తీరప్రాంతం